ముందు మొక్కు అడగండి, టికెట్ తర్వాత

దారి చెప్పండి: పాఠకుల ప్రయాణ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తమిళనాడు తీరంలోని మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణి గురించినవే. ఆగస్టు దగ్గర పడుతోంది, ఆరోగ్యమాత పండుగ అందరికీ తలపుకు వస్తోంది. కందుకూరు, ఒంగోలు, ఆత్మకూరు, కావలి నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలను ఎంచుకున్నాను. మిగిలినవారి సందేహాలు చాలావరకు వీటిలోనే కలిసిపోతాయి.

ప్రశ్న: అమ్మగారూ, మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మా ఆయనకు చిన్నప్పుడు పెద్ద జబ్బు చేస్తే వేళాంగణి మాతకు మొక్కుకున్నారట. ఆ మొక్కు ఇప్పటిదాకా తీరలేదు. ఈ ఏడు పండుగకు ఎలాగైనా తీసుకెళ్లమంటున్నారు. మా ఆయనకు సెలవు దొరకదు. పండుగ రోజుల్లో ఒక శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి రావచ్చా? రైలు మంచిదా, కారు మంచిదా?
– ఒక కోడలు, కందుకూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రైలు ఉంది, కారు ఉంది, మీ ఆయన సెలవు ఉంది. మీ అత్తగారి మొక్కు ఏమిటో మాత్రం లేదు. ఏమని మొక్కుకున్నారో ఆమెను అడిగారా? అడగకపోతే ఈ పూటే అడగండి. ఎన్ని రోజులు ఉండాలి, ఏ నెలలో వెళ్లాలి, ఎవరెవరు వెళ్లాలి అన్నవన్నీ ఆ తర్వాతే తేలతాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. నా చిన్నతనంలో మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి, ఇక దక్కడనుకున్నారు. అమ్మ వేళాంగణి మాతకు మొక్కుకుంది. వాడు కోలుకున్నాక, 1974 వేసవిలో నాన్న మా అందరినీ తీసుకెళ్లారు. నాకప్పుడు పదకొండేళ్లు. ఎగ్మోర్‌లో మీటర్ గేజి రైలెక్కి, నాగపట్నంలో దిగి, బస్సులో వేళాంగణి చేరేసరికి ఉదయం తొమ్మిదయింది. తమ్ముడికి తలనీలాలు తీయించాం. వాడంత ఎత్తు కొవ్వొత్తి వెలిగించాం. సముద్రం చూశాం. నాన్నకు సెలవు లేదు, మధ్యాహ్నం రెండింటికల్లా తిరుగు బస్సులో ఉన్నాం. అమ్మ దారి పొడవునా మాట్లాడలేదు. ఎండ తగిలిందనుకున్నాం.

పద్ధెనిమిదేళ్ల తర్వాత, 1992లో ఒక మధ్యాహ్నం చాటలో బియ్యం ఏరుతూ తనంతట తానే చెప్పింది: "ఒక రాత్రి ఆ ఇసుకలో నిద్ర చేస్తానని, తెల్లవారాక మాతా కుళం చెరువు దాకా మోకాళ్ల మీద నడుస్తానని మొక్కుకున్నాను. మీ నాన్న బస్సుకు వేళవుతోందన్నారు." అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. "ఎవరూ అడగలేదు" అంది. మట్టిబెడ్డ ఒకటి చేతికి తగిలితే తీసి పక్కన పడేసి, మళ్లీ చాట మీదికి వంగింది.

మరుసటి ఏడు నేనే తీసుకెళ్లాను. అప్పటికి అమ్మ కింద కూర్చుంటే పైకి లేవడానికి ఎవరో ఒకరు చేయి ఇవ్వాలి. మీ అత్తగారి పరిస్థితీ అదే కాబట్టి ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. బసిలికా, అంటే అక్కడి పెద్ద గుడి, నుంచి మాతా కుళం గుడి వరకు ఇసుక పరిచిన దారి ఉంది. మోకాళ్ల మొక్కు తీర్చేది దాని మీదే. దూరం నుంచి చూసేవారికి మెత్తని ఇసుకే కదా అనిపిస్తుంది. దిగితే తెలుస్తుంది. ఒక్కో కదలికకు మోకాలు ఇసుకలోకి దిగిపోతుంది, దాన్ని మళ్లీ పైకి లాగవలసింది నడుము. మోకాళ్లకు గుడ్డ చుట్టుకున్నా రేణువులు లోపలికి దూరి చర్మాన్ని గీరుతూనే ఉంటాయి. పొద్దెక్కితే ఇసుక కాలుతుంది. పాతికేళ్ల పిల్లలే మధ్యమధ్య ఆగి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, తల వంచుకుని ఊపిరి పీల్చుకుంటారు. మీ అత్తగారు అలా మొక్కుకుని ఉంటే, ఆ మోకాళ్లతో ఆమెను దించవద్దు.

దించనక్కర లేదు కూడా. మనిషి సొంతంగా చేసుకున్న మొక్కును, తగిన కారణం ఉంటే, విచారణ గురువులు, అంటే మీ చర్చి ఫాదర్, రద్దు చేయవచ్చు. మొక్కుకున్న మనిషే దాన్ని అంతకు సమానమైన పనిగానో, అంతకన్నా మేలైన పనిగానో మార్చుకోవచ్చు. 1983లో వచ్చిన కతోలిక శ్రీసభ చట్టంలోనే ఈ మాట ఉంది. ఇది తెలియక ఎంతమంది ముసలివాళ్లు తీరని మొక్కును మనసులో మోస్తూ ఉంటారో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. మా విచారణ గురువులు అమ్మను చాలాసేపు మాట్లాడనిచ్చారు. తర్వాత, "మోకాళ్లకు బదులు పాదాలతో నడవండి, దారంతా జపమాల చెప్పుకోండి, ఊళ్లో ఒక పేదబిడ్డకు ఈ ఏడాది పుస్తకాలు కొనివ్వండి" అన్నారు. ఆ రాత్రి మేమిద్దరం ఇసుకలో చాప వేసుకుని నిద్ర చేశాం. తెల్లవారుజామున అమ్మ చెప్పులు విప్పి, నా భుజం ఆసరాతో ఆ దారి మొత్తం నడిచింది. ముప్పావు గంట పట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా కూర్చుంటానని అనలేదు.

ఇక పండుగ సంగతి. ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎక్కిస్తారు. సెప్టెంబరు 7 రాత్రి పెద్ద తేరు. 8వ తేదీ మరియమాత పుట్టినరోజు, ఆ రోజు జెండా దించడంతో ఉత్సవం ముగుస్తుంది. ఆ పదకొండు రోజుల్లో లక్షల మంది వస్తారు. కావి బట్టలు కట్టి వందల కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్లే వేలల్లో ఉంటారు. చూడదగ్గ వేడుకే, కాదనను. కానీ అరిగిన మోకాళ్లతో ఆ జనంలో నిలబడటం వేరు. ఆ తేదీకే వస్తానని మొక్కుకుని ఉంటే తప్ప, జనవరి చివర నుంచి మార్చి లోపల వెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం వద్దు. మన నెల్లూరును ముంచే ఈశాన్య రుతుపవనాలే అక్కడా వానలు కురిపిస్తాయి, తుపాన్లు కూడా ఆ నెలల్లోనే.

శని, ఆదివారాల్లో వెళ్లి రావడం కుదరదు. కందుకూరు నుంచి వేళాంగణి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. కారులో అంత దూరం మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే, దిగేసరికి ఆమె నడవలేరు. సింగరాయకొండలో రైలెక్కి పగలే చెన్నై సెంట్రల్ చేరండి. అక్కడి నుంచి మెట్రోలో ఎగ్మోర్ తరువాతి స్టేషనే, లిఫ్టులు ఉంటాయి. రాత్రికి కారైక్కాల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే నాగపట్నంలో దించుతుంది. అక్కడి నుంచి వేళాంగణి పన్నెండు కిలోమీటర్లు, బస్సూ ఉంది, ఆటో కూడా దొరుకుతుంది. 2010 నుంచి వేళాంగణికే రైలు మార్గం ఉంది, పండుగ రోజుల్లో ప్రత్యేక రైళ్లు కూడా వేస్తారు. టికెట్ తీసేటప్పుడు రైలు ఎగ్మోర్‌లో బయలుదేరుతుందో, తాంబరంలో బయలుదేరుతుందో చూసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, మునుపటిలా 120 రోజులు కాదు. పెద్దల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కానీ కింది బెర్తు కోటా ఉంది. ఆమె వయసు సరిగ్గా రాయించండి. అక్కడ రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. మీ ఆయనకు సెలవు దొరకకపోతే మీరూ అత్తగారూ వెళ్లండి. ఆయన కోసం చేసుకున్న మొక్కే అయినా, తీర్చవలసింది ఆమె.

ప్రశ్న: మాది బాప్టిస్టు కుటుంబం. నా భార్య ఫిరంగిపురం వైపు కతోలిక ఇంటి ఆడపిల్ల. పెళ్లయి మూడేళ్లయింది. ఒక్కసారి వేళాంగణి వెళ్దామంటోంది. విగ్రహాల దగ్గరికి వెళ్లకూడదని మా నాన్నగారు అంటున్నారు. వెళ్తే నేను అక్కడ ఏమి చేయాలి, ఏమి చేయకూడదు?
– ఒక ఉద్యోగి, ఒంగోలు

జవాబు: బాబూ, ముందు మీ నాన్నగారి మాటను తేలికగా తీసుకోవద్దు. ఒంగోలులో బాప్టిస్టు ఇల్లంటే దాని వెనక పెద్ద చరిత్ర ఉంటుంది. 1876 నుంచి రెండేళ్లు పట్టిపీడించిన కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. కరువు తీరాక, 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ తాతముత్తాతలు ఎవరైనా ఆ నీళ్లలో దిగి ఉండవచ్చు. ఆ నమ్మకంలో పెరిగిన మనిషి వద్దంటే అందులో మొండితనం వెతకకండి. వాదించకండి. "నేను నా భార్యకు తోడుగా వెళ్తున్నాను, మొక్కడానికి కాదు" అని ఉన్నమాట చెప్పండి.

నేను కతోలికురాలిని కాబట్టి మా వైపు మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. మేము మరియమాతను దేవుడిగా ఆరాధించం. మా కోసం ఆమె కుమారుడికి చెప్పమని అడుగుతాం. ఈ తేడా మీకు సమ్మతం కాకపోవచ్చు, మీ నాన్నగారికి అసలే కాకపోవచ్చు. మీ భార్య మనసులో ఏముందో తెలియడానికైనా ఇది పనికొస్తుంది. మూడేళ్లుగా ఆమె ఎందుకు వెళ్దామంటోందో అడిగారా? పిల్లల కోసమా, పుట్టింటివారి మొక్కా, లేక చిన్నప్పుడు చూసిన చోటు మీకు చూపించాలనా? అడిగి చూడండి.

అక్కడ మీరు చేయవలసింది కొద్దిగానే. దివ్యబలిపూజకు (మాస్‌కు) వెళ్తే అందరితో పాటు కూర్చోండి, లేచినప్పుడు లేవండి. దివ్యసత్ప్రసాదం (అప్పం) తీసుకునే వరుసలోకి మాత్రం వెళ్లవద్దు, అది కతోలికులకే. మీ చోట్లో మీరు కూర్చుండిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కొవ్వొత్తి వెలిగించాలని మనసు లేకపోతే వెలిగించకండి. ఆమె వెలిగిస్తుంటే గాలికి ఆరకుండా చేయి అడ్డం పెట్టండి, చాలు.

ఆ తర్వాత ఒక రోజు మీ కోసం దాచుకోండి. నాగపట్నం నుంచి తీరం వెంట ఉత్తరంగా, కారైక్కాల్ దాటి వెళ్తే తరంగంబాడి వస్తుంది. దాన్నే ట్రాంక్విబార్ అంటారు. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు, మన తెలుగు కవిరాజే, డేన్మార్కు వాళ్లకు అక్కడ కోట కట్టుకోనిచ్చాడు. ఆ డాన్స్‌బోర్గ్ కోట ఇప్పటికీ సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంది. 1706లో జీగెన్‌బాల్గ్ దిగింది ఆ తీరంలోనే. మన దేశానికి వచ్చిన తొలి ప్రొటెస్టంట్ మిషనరీల్లో ఒకడాయన. తమిళం నేర్చుకుని కొత్త నిబంధనను తమిళంలో అచ్చు వేయించాడు. 1718లో కట్టిన కొత్త యెరూషలేము గుడిలో ఆయన సమాధి ఉంది. అక్కడ నిలబడి మీ నాన్నగారికి ఫోను చేయండి. వీలైతే మరుసటిసారి ఆయననూ తీసుకెళ్లండి.

ప్రశ్న: మేము హిందువులం. పాపకు పుట్టినప్పుడు ఊపిరి సమస్య వచ్చింది. ఆసుపత్రిలో పక్క మంచం ఆమె చెబితే వేళాంగణి మాతకు తలనీలాలు మొక్కుకున్నాను. మా వాళ్లకు పెద్దగా అభ్యంతరం లేదు. కానీ అక్కడ మమ్మల్ని రానిస్తారా? బట్టలు, భాష, పద్ధతులు ఎలా ఉంటాయి?
– ఒక తల్లి, ఆత్మకూరు

జవాబు: తల్లీ, నిశ్చింతగా వెళ్లండి. అక్కడికి వచ్చేవాళ్లలో హిందువులు, ముస్లింలు చాలామంది ఉంటారు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ చూసిన నెల్లూరు జిల్లా మనిషికి ఇది కొత్తగా ఉండదు. అందరూ దిగి రొట్టెలు మార్చుకుంటారే, అలాగే. 2024 ఆగస్టులో వాటికన్ నుంచే తంజావూరు పీఠాధిపతికి (బిషప్‌కు) ఒక లేఖ వచ్చింది. ఇతర మతాలవాళ్లు ఆ తల్లి దగ్గర ఊరట వెతుక్కోవడాన్ని మతాల కలగాపులగంగా చూడకూడదని అందులో రాశారు. కాబట్టి ఎవరైనా అడ్డంగా మాట్లాడితే పట్టించుకోకండి.

తలనీలాలు తీసే చోటు వేరుగా ఉంది, మంగలివారు ఉంటారు. పాప తలకు కొత్త బ్లేడు వేయమని నోరు తెరిచి అడగండి, కళ్లెదుట మార్చేదాకా తల ఇవ్వకండి. గుండు మీద ఎండ పడకుండా నూలు టోపీ ఒకటి తీసుకెళ్లండి. బట్టల విషయంలో పెద్ద నియమాలు లేవు, గుడికి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తారో అలా వెళ్లండి. మాత విగ్రహానికే చీర కట్టి ఉంటుంది, చూడగానే మీకు కొత్త అనిపించదు. ఊళ్లో అరవమే ఎక్కువ, అయినా తెలుగు తెలిసినవాళ్లు తగులుతూనే ఉంటారు. ఉత్సవ రోజుల్లో తెలుగులోనూ బలిపూజ ఉంటుంది.

పాపకు అక్కడి కథలు చెప్పాలనుకుంటే రెండు చెబుతాను. పదహారో శతాబ్దంలో ఒక పిల్లవాడు నాగపట్నంలో ఎవరికో పాలు పోయడానికి కుండతో వెళ్తూ చెరువు గట్టున మర్రినీడలో ఆగాడట. చంటిబిడ్డతో ఒకామె వచ్చి బిడ్డకు పాలు కావాలని అడిగింది. ఇచ్చాడు. ఆ ఇంటికి వెళ్లి, పాలు ఎందుకు తగ్గాయో భయపడుతూ చెబుతుంటే కుండ నిండి పొంగింది. ఆ చెరువే మాతా కుళం. రెండో కథ వేళాంగణిలోనే నడుత్తిట్టు అనే చోటుది. మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లవాడు, మళ్లీ మర్రిచెట్టే, మళ్లీ బిడ్డతో వచ్చిన తల్లి. మజ్జిగ అడిగింది, తాగించింది, నాగపట్నం వెళ్లి ఒక పెద్దమనిషికి తనకు గుడి కట్టమని చెప్పమంది. నడవలేనన్న పిల్లవాడు లేచి పరుగెత్తాడు. రెండు కథల్లోనూ మాత ముందుగా వరం ఇవ్వదు, బిడ్డ కోసం చేయి చాచి అడుగుతుంది. ఆకలితో ఉన్న బిడ్డను చంకనేసుకున్న ఏ తల్లయినా అడిగినట్టే. నాకు ఆ ముక్క చాలా ఇష్టం. మీ పాపకు ఊపిరి అందని రాత్రి మీరు అడిగింది కూడా అలాగే కదా.

ఆ తర్వాత పోర్చుగీసు నావికులు తుపానులో చిక్కుకుని, ఒడ్డు చేరితే గుడి కడతామని మొక్కుకున్నారట. చేరింది సెప్టెంబరు 8న. కట్టారు. తర్వాతి ప్రయాణాల్లో చైనా పింగాణీ పళ్లేలు తెచ్చి బలిపీఠానికి అమర్చారు. అవి ఇప్పటికీ ఉన్నాయి, జనంలో పడి చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. ఒక్క నిమిషం ఆగి చూడండి. 1962 నవంబరు 3న ఇరవై మూడవ జాన్ పోపు ఈ గుడిని బసిలికాగా ప్రకటించారు. కానుకల ప్రదర్శనశాలకు కూడా పాపను తీసుకెళ్లండి. వెండి కళ్లు, వెండి కాళ్లు, చిన్నచిన్న ఊయలలు, పక్కన ఉత్తరాలు. ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి ఇంట్లో జరిగిన కథ.

ప్రశ్న: మేము ఐదుగురం స్నేహితులం, డిగ్రీ చివరి సంవత్సరం. వేళాంగణి బీచ్‌లో స్నానాలు చేసి, చుట్టుపక్కల చూడాలని ఉంది. తక్కువ ఖర్చుతో ఎలా?
– విద్యార్థులు, కావలి

జవాబు: నాయనా, సముద్రంతో మొదలుపెడతాను. మన ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి సముద్రం తెలుసనుకుంటాం. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. ఆ ఉదయం వేళాంగణి ఒడ్డున యాత్రికులు కిక్కిరిసి ఉన్నారు. నాగపట్నం జిల్లాలో చనిపోయినవారు ఆరు వేలకు పైనే. అదే ఉదయం మన నెల్లూరు, ప్రకాశం తీరంలోనూ మనుషులు పోయారు. మీరు అప్పటికి పుట్టారో లేదో. సునామీ రోజూ రాదు నిజమే, కానీ ఆ ఒడ్డున అలల లాగుడు రోజూ ఉంటుంది. మోకాలి లోతు దాటి వెళ్లవద్దు. పోలీసులు వద్దన్న చోట అసలు దిగవద్దు. ఐదుగురిలో ఒకరు ఎప్పుడూ ఒడ్డున బట్టల దగ్గర ఉండండి.

ఖర్చు తగ్గాలంటే చెన్నై కిలాంబాక్కం బస్టాండు నుంచి రాత్రి ప్రభుత్వ బస్సు ఎక్కండి. వసతికి బసిలికా వారి సొంత గదులు ఉన్నాయి, ముందుగా రాయించుకోండి. బస్సు దిగగానే సంచి పట్టుకుని "గది చూపిస్తా రండి" అనేవాడి వెంట మాత్రం వెళ్లకండి. ఒకసారి నేను పిల్లలతో అలాగే వెళ్లాను. కిటికీ లేని గదికి ముందే రెండు రోజుల డబ్బు కట్టించుకున్నారు, తిరిగి అడిగితే తలుపు వేసుకున్నారు.

చూడటానికి నాగూరు దర్గా దగ్గరే, నాగపట్నం పక్కన. సూఫీ గురువు షాహుల్ హమీద్ సమాధి అక్కడ ఉంది. ఐదు మినార్లలో ఎత్తయినదాన్ని కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు. తిరుగు దారిలో తంజావూరులో ఒక పూట ఆగండి. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన పెద్దగుడి, సరస్వతీ మహల్ గ్రంథాలయం రెండూ చూడండి. అక్కడి తాళపత్రాల్లో తెలుగువి కూడా ఉన్నాయి. మీలో ఎవరింట్లోనైనా పాత మొక్కు ఏదైనా ఉందేమో, బయలుదేరేముందు అమ్మమ్మనో నానమ్మనో అడగండి. ఐదుగురు వెళ్తున్నారు, ఒక్క కొవ్వొత్తి బరువు కాదు.

కందుకూరు కోడలికి మళ్లీ: ఈ పుట అచ్చుకు పంపేముందు ఆమె ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు ఫోను చేసి, అత్తగారిని అడిగి చెప్పమన్నాను. మూడు రోజులకు జవాబు వచ్చింది. మోకాళ్ల నడక కాదట, నిద్ర చేయడమూ కాదట. బిడ్డ బతికితే పండుగకు నడిచి వచ్చే యాత్రికులకు ఒక రోజంతా మజ్జిగ పోయిస్తానని మొక్కుకున్నారట. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదంటే, ఖర్చు అనుకుంటారని.

అయితే అమ్మా, పైన నేను జనవరి అన్నమాట మీకు వర్తించదు. నడిచి వచ్చేవాళ్లు కావాలంటే ఆగస్టు చివరి వారమే వెళ్లాలి. జెండా ఎక్కే రోజుకు ముందే రెండు రోజులు చేరుకుని, జనం బాగా పెరగకముందే తిరిగి బయలుదేరండి. ఎక్కడ పోయవచ్చో బసిలికా కార్యాలయంలో ముందుగా అడగండి. పాలు, పెరుగు ఇక్కడి నుంచి మోయవద్దు, నాగపట్నంలో కొనండి. నీళ్లు కాచి చల్లార్చినవే కలపండి. నడిచి చెమటోడ్చి వస్తారు కాబట్టి ఉప్పు కాస్త ముందుంచండి, అల్లం, కరివేపాకు దంచి వేయండి, పచ్చిమిరప తగ్గించండి, పసిపిల్లలు కూడా ఉంటారు. అత్తగారికి నీడలో ఒక ఎత్తు కుర్చీ వేసి, గరిటె ఆమె చేతికే ఇవ్వండి.